ఎద్దుముడి

మిలిటరీ నుంచి వచ్చి నంద్యాలలో ఉంటున్న మాస్టరుకు ఏ తాడుముడి కనిపించినా గట్టిదో కాదో కాలితో తన్ని చూసే అలవాటు. హిమాలయాల్లో మంచుకొండ ఎక్కించడానికి ఆయన కొందరిని సిద్ధం చేస్తున్నాడు. మాది ఆళ్లగడ్డ. వాళ్లతో వంటవాడిగా నేనూ పోవాలని ఆశపడ్డాను.

అహోబిలం బండల దగ్గర వంటవాడితో సహా అందరికీ పరీక్ష పెట్టాడు. ముడి ఎట్లా వేయాలో చీటీ రాసిచ్చాడు. నాకు అప్పటికి చదువు రాదు. చెట్టుకు తాడు చుట్టి, మా ఎద్దుకు వేసే జారుముడే వేశాను. తన్నాడు. ఊడింది. మరుక్షణం నా చెంప పగిలింది.

"ఈ కొసన యాలాడేది ఎద్దు కాదురా, మనిషి!"

పన్ను ఊడి, నోరంతా నెత్తురు. "నాకు అచ్చరాలు రావు సార్. చూపిచ్చు, కడతా" అన్నాను.

చూపించాడు. కట్టాను. చెట్టు కదిలేలా తన్నాడు. ఊడలేదు.

"పోయి కొండకు తీసకపోయే వంటసామాన్లు మూటగట్టు. వాటికి నీ ఎద్దుముడే చాల్లే" అన్నాడు.