పటం కింది ముంత

మా నాయన నోట "బాగుండాది" అనే మాట రావడం చాలా కష్టం. వంకాయ కూరకైనా, నా డిగ్రీ ఫలితాలకైనా ఆయన అన్నది "ఊ" మాత్రమే. బంగారు గని వర్క్‌షాపులో లేత్ యంత్రం మీద ఇనుము తిప్పిన మనిషి. గని మూతపడ్డాక ఒక పాత లేత్‌ను బాగుచేసుకుని, చాంపియన్ రీఫ్స్‌లో గని కార్మికుల వరసలోని మా లైను ఇంటి వెనక రేకుల కింద పెట్టుకున్నాడు. ఇనుము పోయి కొయ్య వచ్చింది. పిడికిట్లో పట్టేంత చిన్న ముంతలు చేసేవాడు. మూతి ఒక వేలు దూరేంతే ఉంటుంది. ఆ మూతిలోంచే వంకర ఉలి పోనిచ్చి లోపలంతా తొలచాలి. లోపల ఏం జరుగుతోందో కనపడదు. ఉలి చేసే చప్పుడును బట్టి తెలుసుకోవాలి.

ఆ పని నాకు నేర్పింది ఆయనే. వారమంతా బెంగళూరు ఉద్యోగం, పొద్దున్నే రైలు, బంగారుపేటలో తోపులాట, చీకటి పడ్డాక ఇల్లు. ఆదివారం చర్చిలో పూజ అయ్యాక మాత్రం లేత్ నాది. నేను చేసిన ముంతను చేతికిస్తే నాయన చూపుడు వేలు లోపల, బొటనవేలు బయట పెట్టి గోడ వెంబడి చుట్టూ తిప్పేవాడు. తర్వాత చెవి దగ్గర పెట్టుకుని గోరుతో ఒక్కసారి మీటేవాడు. "ఊ." అంతే, ఆ ముంత వంటింటికి పోయేది. నచ్చినదాన్నయితే ఏసుప్రభువు పటం కింద చెక్క మీద పెడతాడు. అక్కడ ఆయన చేసినదొక్కటే ఉండేది. నావి జీలకర్రకు, లవంగాలకు, పిన్నీసులకు పనికొచ్చాయి.

నాకు కావలసింది ఆ చెక్క మీద కాస్త చోటు. ఇంకేమీ కాదు.

ఇంతలో తమ్ముడికి పెళ్లయింది. మరదలిది బేతమంగళ పక్క పల్లె, పట్టుపురుగులు మేపే ఇల్లు. వచ్చిన కొత్తలో లేత్ కింద రాలిన పొట్టు ఊడ్చేది. కొన్నాళ్లకు నాయన పక్కన పీట వేసుకుని కూర్చుంది. ఇంకొన్నాళ్లకు ఉలి పట్టింది. నాయన తను పట్టడం తగ్గించాడు. వయసు మీద పడింది కదా అనుకున్నాను. నేను రైల్లో వేలాడుతున్న వేళ ఇంట్లో ఆమెకు పాఠాలు! ఒళ్లు మండిపోయింది. చిన్నప్పుడు నా చెయ్యి పట్టుకుని ఉలి పట్టించిన మనిషి "ఇట్ల పట్టుకోమ్మా" అని ఇంకొకరితో అంటుంటే నేను వంటింట్లో నిలబడి వినాలి. గిన్నెలు కాస్త గట్టిగానే కడిగాను.

ఒక వానాకాలం మరదలి పుట్టింటి పొలంలో మామిడిచెట్టు పడింది. నాయన దాని మొద్దును నిలువునా చీల్పించి మా ఇద్దరికీ చెరి సగం పంచాడు. నా సగాన్ని ఇంటికి తెచ్చుకున్నాను. చెదలు పట్టకుండా ఇటుకల మీద ఎత్తిపెట్టి, మా తలుపుకు వేయగా మిగిలిన నీలం రంగు పగుళ్లు రాకుండా కొనలకు పూసి, పసిబిడ్డను చూసుకున్నట్టు చూసుకున్నాను. ఆమె సగం పుట్టింట్లోనే, పురుగులు తిని వదిలిన మల్బరీ ఆకుల చెత్తకుప్ప మీద పడి ఉంది. మరిచిపోయిందట!

వానలు పోయాక రెండూ లేత్ ఎక్కాయి. నాది పాలిపోయిన కట్టె, కాస్త అలలు తిరిగిన నార. ఆమెది కోయగానే నేనూ వంగి చూశాను. మీగడ రంగు కట్టెలో సిరాతో గీసినట్టు సన్నటి నల్ల గీతలు, వంకలు తిరుగుతూ, కలుస్తూ, విడిపోతూ. కట్టె సగం పుచ్చుతున్నప్పుడు రెండు రకాల బూజులు ఎదురుపడితే, ఒకదాన్నొకటి ఓర్వలేక మధ్యలో గోడ కట్టుకుంటాయట. ఆ గోడే నల్ల గీత. మా ఇంట్లో మాత్రం గోడ కట్టే పనంతా నేనొక్కదాన్నే చేస్తున్నాను.

ఆదివారం రెండు ముంతలూ నాయన చేతికి వెళ్లాయి. నాది తడిమాడు, మీటాడు. "ఊ." ఆమెది తడిమాడు. మళ్లీ తడిమాడు. చెవి దగ్గర పెట్టుకుని మీటి, కాసేపు అలాగే ఉంచుకున్నాడు.

"బాగుండాది," అన్నాడు. లేచి వెళ్లి పటం కింద పెట్టాడు.

ఆ పూట నాకు అన్నం సయించలేదు. కానీ ఒక ఊరట దొరికింది. గెలిచింది ఆమె చెయ్యి కాదు, కట్టె. అంత అందమైన గీతలుంటే ఎవరు చేసినా బాగుంటుంది. రైల్లో పక్కన కూర్చునే స్నేహితురాలికి అదే చెప్పాను. తమ్ముడికీ చెప్పాను. "చెత్తకుప్ప చేసిన ముంత అది," అని మరదలు వినేటట్టే అన్నాను. ఆమె నవ్వింది. ఆ నవ్వుకు ఇంకా మండింది.

సరే, చెత్తే కావాలంటే చెత్తే. సిగ్గు లేకుండా ఆమె పుట్టింటి నుంచే ఒక గోనెసంచి నిండా తెప్పించుకున్నాను. నా మొద్దులో మిగిలిన ముక్కను పాత పెయింటు డబ్బాలో ఆ చెత్త మధ్య పూడ్చి, రోజూ నీళ్లు చిలకరించాను. ఆ కంపుకు తమ్ముడు "ఎవరినన్నా చంపి దాచినావా అక్కా?" అన్నాడు. నెలలు గడిచాక తీసి కోస్తే గీతలే గీతలు, ఆమె కట్టెలో కన్నా ఎక్కువ! ముక్కుకు గుడ్డ కట్టుకుని, మెత్తబడిన చోట పెళ్లలు లేవకుండా ఊపిరి బిగబట్టి తొలిచాను. నూనె రాయగానే గీతలన్నీ పైకి తేలాయి.

వసారాలో ఎండకు కూర్చున్న నాయన చేతిలో పెట్టాను. వేలు తిరిగింది. గోరు మీటింది.

"ఊ."

నాకు తిక్క రేగింది. "అదేంది నాయనా! దాని ముంతలో గీతలు చూసి పటం కింద పెట్టినావు. నా దాంట్లో అంతకన్నా ఎక్కువ ఉండాయి గదా!"

నాయన ముంతను కళ్లకు దగ్గరగా తెచ్చుకున్నాడు. తర్వాత చెయ్యి చాచి దూరంగా పట్టుకున్నాడు.

"ఏం గీతలమ్మా?" అన్నాడు.

నేను గడపలో నిలబడి ఉన్న మరదలి వైపు చూశాను.

"మామకు కండ్లు మసక వదినా," అంది ఆమె మెల్లగా. "నేను వచ్చినప్పటి నుంచే అంతే. ఉలి ఎంత లోపలికి పోయిందో నేను చూసి చెప్తా, ఆయన చప్పుడు విని చెప్తాడు. అట్లే నేర్చుకున్నాను."

"నాకెందుకు చెప్పలేదు?"

"నీకు తెలిస్తే లేత్‌కు బీగం వేస్తావని నేనే వద్దన్నాను," అన్నాడు నాయన. ముంతను నా చేతిలో పెట్టాడు. "మెడ కింద మందముండాది. ఇంగొంచెం పోవాల."

వాళ్లు లోపలికి వెళ్లాక పటం కింద నుంచి ఆమె ముంత తీసి, కళ్లు మూసుకుని వేలు పెట్టాను. గోడ చుట్టూ ఒకే మందం. వేలు ఎక్కడా ఆగలేదు. నా ముంతలో మెడ కింద ఆగింది. కట్టె గెలిచిందని ఇన్నాళ్లూ ఊరంతా చెప్పుకుని తిరిగాను. నాయనకు ఆ కట్టె కనపడనే లేదు, ఆయనకు తెలిసింది ఆమె పనితనం ఒక్కటే. అంతకన్నా మండేదేమిటంటే, కన్నకూతురికి తెలియని ఆయన కళ్ల సంగతి ఆమెకు తెలియడం.

నా గీతల ముంతలో ఇప్పుడు మెంతులున్నాయి. వచ్చే నెల నాయన కళ్లకు ఆపరేషన్. సెలవు పెట్టి తీసుకుపోయేది నేనే, ఆ పని ఎవరికీ ఇవ్వనని ముందే చెప్పేశాను. కట్టు విప్పించి నా చేత్తో ఇంటికి తీసుకొస్తాను. చెప్పులు విడిచి లోపలికి రాగానే ఎదురుగా పటం, పటం కింద ఆ ముంత. ఆ నల్ల గీతలను నాయన మొదటిసారి చూస్తాడు. ఇంకోసారి "బాగుండాది" అంటాడు. అదీ ఆమెకే.