పక్కింటాయన మేనత్త

నిన్న ఐర్లండ్‌లో మేముండే నేస్ ఊళ్లోని ఇండియన్ షాపులో గసగసాల ప్యాకెట్ చేతిలో పట్టుకుని అలాగే నిలబడిపోయాను. కౌంటర్ దగ్గరి అమ్మాయి "ఇంకేమైనా కావాలా ఆంటీ?" అని అడిగేదాకా ఈ లోకంలోకి రాలేదు. మా పక్కింటాయన గుర్తొచ్చారు.

మేం ఈ ఊరికి వచ్చిన మొదటి చలికాలం అది. మావారు తెల్లారకముందే రైలెక్కి డబ్లిన్ ఆఫీసుకు పోయేవారు, చీకటిపడ్డాకే రావడం. ఆయన ముఖం వెలుతురులో చూసింది సెలవు రోజుల్లోనే. ఇళ్లన్నీ ఒకే అచ్చులో పోసినట్టుండే ఆ వీధిలో పగలంతా అలికిడి ఉండేది కాదు. ఉన్నది నేనూ, పక్కింటి పెద్దాయనా. హాంకాంగ్‌లో పుట్టిన చైనా మనిషి. ఏళ్ల తరబడి ఇక్కడ పార్సిల్ భోజనాల టేక్‌అవే నడిపి, భార్య పోయాక ఒక్కరే ఉంటున్నారు. గోడ మీదుగా వాతావరణం గురించి మాట్లాడుకునేవాళ్లం. రోజూ వానే కనుక ఆ సంభాషణకు పెద్దగా ఎదుగుదల ఉండేది కాదు.

ఒక ఆదివారం ఆయనకు కోడికూర పట్టుకెళ్లాను. రెండు ముద్దలు తిని, "ఈ చిక్కదనం దేనితో వచ్చింది?" అని వంటవాడిలా అడిగారు. గసగసాలని ఇంగ్లీషులో చెప్పాను. చెంచా ఆగిపోయింది.

"ఆ మొక్కే మా తాతను తినేసింది," అన్నారు.

గసగసాల మొక్క కాయల నుంచి తీసే నల్లమందు. బ్రిటిష్‌వాళ్లు దాన్ని మన రైతుల చేత పండించి, ఓడల్లో చైనాకు చేర్చి, వద్దన్నందుకు యుద్ధం చేసి మరీ అమ్మారని నేను బళ్లో రెండు వాక్యాల్లో చదువుకున్నాను. పరీక్షకు అంతకంటే అక్కర్లేకపోయింది. ఆయనకది ఇంటి సంగతి. తాత ముందు పొలం అమ్మారట, తర్వాత ఇల్లు, ఆఖరికి పెద్దకూతుర్ని. ఆమెను పడవ ఎక్కిస్తుంటే చిన్నపిల్లాడైన తమ్ముడు, అంటే మా పక్కింటాయన తండ్రి, ఒడ్డున నిలబడి చూశాడు. పెద్దయ్యాక హాంకాంగ్ రేవులో పనికి చేరి, ఎదురైన ప్రతివాళ్లనూ అక్క గురించి అడిగేవాడట.

"దొరికిందా, అంకుల్?"

"లేదమ్మా. ఇంగ్లీషు బళ్లో నా చేత వాళ్ల రాజుల పేర్లన్నీ వల్లె వేయించారు. ఈ సంగతి మాత్రం ఎవరూ చెప్పలేదు. మా నాన్న చెప్పాడు, అదీ పోయేముందు."

"అది పండింది మా దేశంలోనే కదా," అన్నాను, ఎటు చూడాలో తెలియక.

"మీ రైతులు మాత్రం ఇష్టపడి వేశారా?" అని ఆయన మళ్లీ చెంచా అందుకున్నారు. "కూర గ్రాండ్‌గా ఉంది."

నేను లేవబోతుంటే మేనత్త పేరు చెప్పారు. "నా పిల్లలకు మా భాష రాదు. నువ్వొకసారి పలుకు."

పలికాను. స్వరం తప్పిందట, అలా అంటే అర్థం ఇంకేదో అవుతుందని నవ్వి, మళ్లీ మళ్లీ చెప్పించారు. చివరికి సరిగ్గా పలికినట్టున్నాను, ఆయన కిటికీవైపు తిరిగిపోయారు.

మరుసటి ఏడాది ఆయన పోయారు. ఇప్పటికీ ఇంట్లో ఎవరూ లేనప్పుడు ఆ పేరు పైకి అంటుంటాను, స్వరం జారిపోకుండా. మా పిల్లలకు నేర్పుదామంటే వాళ్లకు తెలుగుకే నోరు తిన్నగా తిరగదు. ఎక్కడికి చేరిందో, ఎలా బతికిందో తెలియని ఆ పిల్ల పేరు ఈ లోకంలో వినిపించేది బహుశా నా గొంతు ఉన్నంతవరకే.