నూనె వయసు

ఎనభై ఎనిమిది జూన్‌లో, ఉదయం ఐదున్నరకు రామగుండం స్టేషన్‌లో దిగాను. ఒక ట్రంకు పెట్టె, ఒక పరుపు చుట్ట, సైన్యంలో పదహారేళ్ల సర్వీసు ముగిసిందని చెప్పే కాగితం. వాన ఇంకా పడలేదు. నాలుక మీద బొగ్గు రుచి తగిలింది. ఎనిమిదింటికి ఓపెన్‌కాస్ట్ గని వర్క్‌షాపులో హాజరు వేయించుకున్నాను. హెల్మెట్టు ఒకటి, గమ్‌బూట్లు ఒక జత, ప్లాస్టిక్ సీసాలు రెండు డజన్లు చేతికిచ్చారు. సీసాలు ఇంజిన్ నూనె కోసం.

సైన్యంలో నేను తుపాకీ పేల్చింది తక్కువ. కొండల్లో లారీలు బాగుచేసే వర్క్‌షాపులో ఉన్నాను. అక్కడ నేర్చిన పనే ఇక్కడా చేశాను. జనం యుద్ధం గురించి అడుగుతారు, నేను నూనె గురించి చెబుతాను, వాళ్లు లేచిపోతారు. ఇదీ నూనె గురించే.

పని ఇలా ఉండేది. మట్టి, బొగ్గు మోసే డంపర్లను కొన్ని గంటలకొకసారి ఆపుతారు. ఇంజిన్ వేడిగా ఉండగానే సన్న గొట్టంతో సీసాడు నూనె లాగాలి. ఒక చుక్క వేడి పలక మీద వేస్తాను. చిటపటలాడితే నీళ్లు కలిశాయని అర్థం. ఒక చుక్క అద్దుడు కాగితం మీద, మసి ఎంతుందో చూడటానికి. మిగిలింది లాబ్‌లో కెమిస్టుకు. నూనెను మండించి, ఆ వెలుగును బట్టి అందులోని లోహాలను లెక్కగట్టే యంత్రం ఆయన దగ్గర ఉండేది. ఇనుము పెరిగితే సిలిండర్ అరుగుతోంది. రాగి, సీసం పెరిగితే బేరింగులు పోతున్నాయి. విప్పకుండానే లోపలి రోగం తెలుస్తుంది. అయితే సీసాతో పాటు నేను నింపి పంపే కాగితంలో మొదటి గడి వేరే. ఈ నూనె పోసి ఎన్ని గంటలైంది? కొత్త నూనెకు లోపలి సంగతి ఇంకా తెలియదు. దాన్ని పరీక్షించి లాభం లేదు.

ఒక మధ్యాహ్నం పదిహేడో నంబరు డంపర్‌ను ఆపమని రాశాను. ఆపరేటర్ వాకీటాకీలో అరిచాడు.

"బండి గుర్రం లెక్క ఉరుకుతాంది. ఎందుకు ఆపాలె?"

"రాగి ఎక్కువొచ్చింది. బేరింగ్ పోతది."

"రక్తం చూసి రోగం చెప్పనీకి నువ్వేమన్న డాక్టరువా?"

ఇంజిన్ విప్పారు. బేరింగు పై పొర గోటికి ఊడి వచ్చింది. సాయంత్రం ఆపరేటర్ నాకు చాయ్ పంపాడు. అప్పటి నుంచి కాలనీలో ఎవరు పాత బండి కొన్నా ముందు నా దగ్గరికి సీసా వచ్చేది. నాకు గర్వంగా ఉండేది.

మా అక్క భర్త భూమి లోపలి గనిలో ఇరవై ఆరేళ్లు పనిచేశాడు. తొంభై మూడులో ఊపిరితిత్తులు పాడయ్యాయని అన్‌ఫిట్ చేశారు. పది మెట్లెక్కితే కూలబడేవాడు. కూర్చుని స్టీరింగ్ తిప్పగలనన్నాడు. మంచిర్యాలలో ఒక పాత డీజిల్ కారు చూసి వచ్చాడు. రోగులను కరీంనగర్‌కు తిప్పితే ఇల్లు గడుస్తుందని ఆయన లెక్క.

"మిలట్రీ బామ్మర్ది, నువ్వు పాస్ చేస్తెనే కొంట. లేకుంటె వాపస్ ఇస్త."

ఆదివారం పది గంటలకు కారును తనే నడుపుకుంటూ వర్క్‌షాపు గేటుకు తెచ్చాడు. కారు కడిగి ఉంది. తనూ తల తడిపి దువ్వుకుని, ఉతికిన చొక్కా వేసుకుని పక్కన నిలబడ్డాడు. నూనె లాగాను. నల్లగా ఉంది. డీజిల్ ఇంజిన్‌లో నూనె ఒక్క రోజులోనే నల్లబడుతుంది, రంగును నమ్మకూడదు. అది నాకు తెలుసు. మొదటి గడి దగ్గర పెన్ను ఆగింది. డంపర్లకైతే లాగ్‌బుక్కు చూసి నింపేవాణ్ని. బావను నిలబెట్టి అడగడం దేనికనిపించింది. వదిలేశాను.

మర్నాడు కెమిస్టు కాగితం చూపించాడు. "ఇనుము తక్కువ. రాగి లేనట్టే. మంచి ఇంజిన్. నూనె ఎన్ని గంటలది?"

"తర్వాత రాసిస్తాను సార్."

రాయలేదు. బావకు కొనమని చెప్పాను. ఆయన దగ్గొచ్చే దాకా నవ్వాడు. అది ఫిబ్రవరి.

మేలో ఒక పగలు అక్క కబురు పంపింది. బావకు ఊపిరి ఆడటం లేదు. కాలనీ డాక్టరు కరీంనగర్ తీసుకుపొమ్మన్నాడు. పన్నెండూ నలభైకి బయలుదేరాం. నేను నడుపుతున్నాను. బావ నా పక్కన, అక్క వెనక. ఒకటీ ఇరవై అయిదుకు పెద్దపల్లి దాటాం. అక్కడ ఇంజిన్ లోపల సుత్తితో కొడుతున్నట్టు చప్పుడు మొదలైంది. ఆపితే బావకు దవాఖాన లేదు. ఆపకపోతే ఇంజిన్ ఉండదు. ఆపలేదు. ఎనిమిది నిమిషాలు నడిచింది. తర్వాత పెద్ద దెబ్బ. లోపలి కడ్డీ విరిగి, ఇంజిన్ అడుగు పగలగొట్టుకుని బయటికొచ్చింది.

చుట్టూ కోసేసిన పొలాలు. నీడ లేదు. అక్క రోడ్డు మధ్యకు వెళ్లి కొంగు ఊపుతోంది. రెండు లారీలు ఆగకుండా పోయాయి. బావ నా చెయ్యి పట్టుకున్నాడు.

"ఏమైంది బామ్మర్ది?"

"ఇంజిన్ పోయింది బావా."

"మంచిగున్నదంటివి గద?"

ఆయన కాసేపు ఊపిరి కూడగట్టుకున్నాడు.

"తప్పు నాదే. నీ దగ్గరికి తెచ్చేముందు రోజే నూనె మార్పిచ్చిన. మెకానిక్ వద్దనె. నేనే పొయ్యమన్న."

"ఎందుకు బావా?"

"గనిల మెడికల్ పరీక్షకు పోయేటప్పుడు మేం గట్లనే చేస్తుంటిమి. మూడు దినాలు బీడి బంద్. దగ్గు మందు తాగి, తానం చేసి, మంచి అంగి తొడుక్కొని పోతుంటిమి. డాక్టర్ పాస్ చేస్తుండె. బండి గూడ పాస్ కావాలె అనుకున్న. నాకు బతుకుతెరువు అదొక్కటే ఉండె." రోడ్డు మీదున్న అక్క వైపు చూసి, "మీ అక్కకు చెప్పకు. తిడ్తది," అన్నాడు.

తప్పు ఆయనది కాదు. నేను అడగాల్సింది. అడిగి ఉంటే చెప్పేవాడు, నాతో ఎన్నడూ అబద్ధం ఆడిన మనిషి కాదు. ఆ మాట ఆయనతో అనడానికి ముప్పై అయిదు నిమిషాల టైముంది. అనలేదు. రెండూ పదిహేనుకు ఖాళీ గోనె సంచుల లారీ ఒకటి ఆగింది. సుల్తానాబాద్ దగ్గర సంచుల మీద ఆయన ఊపిరి నిలిచిపోయింది. తప్పు తనదేననుకుంటూ పోయాడు. కరీంనగర్‌లో డాక్టరు నాడి చూసింది మూడూ పదికి.

అయిదింటికి వ్యాన్‌లో తిరుగు ప్రయాణం. బావ తల అక్క ఒళ్లో ఉంది.

"బండిని నువ్వు చూసినవు గద తమ్మీ?"

"చూసిన అక్కా."

"మరి గిట్లెట్లయింది?"

నేను కిటికీ వైపు తిరిగాను. ఆ నెలలోనే నూనె పని వదిలేసి స్టోర్సుకు మారిపోయాను. ఆమె బతికినన్నాళ్లూ ఆ ఖాళీ గడి సంగతి ఆమెకు చెప్పలేదు.

ఆ సాయంత్రం తిరుగు దారిలో కారు ఆగినచోటే ఉంది. డ్రైవరును ఆపమన్నాను. దిగాను. నూనె రోడ్డు అంచు దాకా పారి ఉంది. పొద్దు వాలుతోంది, ఏటవాలు ఎండలో ఆ నల్లటి నూనెంతా పసుప్పచ్చగా మెరుస్తోంది. బేరింగుల నుంచి రాలిన రాగి రజను. వేలితో తాకాను. వేలు మెరిసింది. నన్ను ఇప్పటికీ వదలనిది అదొక్కటే. నేను రోడ్డు మీద కూర్చుని ఎండకు ఎత్తిపట్టిన ఆ వేలు, వ్యాన్ లోంచి దాన్నే చూస్తున్న అక్క.