పోలయ్య మామ వాకిట్లో వేట విరామం

ఈ ఉదయం నెల్లూరులో మా మూడో అంతస్తు బాల్కనీ నుంచి "చివిట్ చివిట్" అని ఒక అరుపు వినిపించి, నోటిదాకా వచ్చిన కాఫీ గ్లాసు అక్కడే ఆగిపోయింది. ఆ గొంతు మాత్రమే విన్నవాళ్ళు బాల్కనీలో నెమలి దిగిందనుకుంటారు. తీరా చూస్తే బొటనవేలంత తేనెపిట్ట. ఆడది. పసుపునీళ్ళలో ముంచి తీసినట్టున్న పొట్ట, కొడవలిలా వంగిన ముక్కు. మూలనున్న బియ్యం సంచి అంచు మీద వాలి, ఊడొచ్చిన ప్లాస్టిక్ పోగొకటి పట్టుకొని, గూడ్సు బండిని ఒంటరిగా లాగుతున్నంత పట్టుదలతో లాగుతోంది. ఆ పోగును చూడగానే నా కళ్ళముందు నుంచి నెల్లూరు మాయమైంది. ఉప్పుగాలికి తుప్పుపట్టిన ఇనుప గేటు, ఎండుచేపల వాసన, నీలం ఆకుపచ్చ వలల గుట్ట మధ్య కాళ్ళు చాపుకొని కూర్చున్న పోలయ్య మామ కనిపించాడు.

ఆయన్ను మీరెవరూ ఎరగరు. నన్ను మాత్రం ఎరుగుదురు. మా ఇంటి దోమను గద్దంత చేసి రాసిన పాపం నాదే. అలాంటివాడు ఒక మనిషి గురించి ఉన్నదున్నట్టు చెబుతానంటే నమ్మడం కష్టమే. చదివాక మీ ఇష్టం.

అప్పటికి నాకు ఇరవై ఎనిమిదేళ్ళు. చిట్టమూరు దగ్గర వరిమళ్ళ మధ్య పుట్టి, సముద్రమంటే అవతలి గట్టు తెగిపోయిన చెరువనుకుంటూ పెరిగినవాణ్ణి. కృష్ణపట్నం పోర్టులో లారీలు తూచే కాటా దగ్గర గుమాస్తాగా చేరాను. నేను బటను నొక్కకపోతే దేశంలో దీపాలు వెలగవని నా గట్టి నమ్మకం. ఎన్నెన్ని బొగ్గు లారీలు నా కిటికీ ముందు బుద్ధిగా నిలబడి, బరువు చెప్పించుకొని పోయేవి మరి! పోర్టుకు దగ్గర్లో జాలర్ల పాళెం ఒకటుంటే, అందులో పోలయ్య మామ ఇంట్లో ఒక గదిలో దిగాను. ఆయనకు అరవై దాటాయి. ఒకప్పుడు పడవెక్కి వేటకు పోయినవాడే. కుడికాలు ఈడ్చి నడిచేవాడు. మడమ పైన చుట్టూ కడియం తొడిగినట్టు ఒక మచ్చ. వేట మానేశాక పాళెంలోని వలలన్నీ బాగుచేసే పని పెట్టుకున్నాడు. ఆ కాలి సంగతి ఆయన్ను నేనెప్పుడూ అడగలేదు. అడగకుండానే కాటా దగ్గర డ్రైవర్లకు రోజుకొక కథ చెప్పేవాణ్ణి. సోమవారం సొరచేప కరిచింది. శుక్రవారానికి ఏకంగా తిమింగలం మింగేసి, ఉప్పెక్కువైందని ఉమ్మేసింది.

వేసవిలో చేపలు గుడ్లు పెట్టే కాలమని సముద్రంలో రెండు నెలలు వేట ఆపేస్తారు. పడవలు ఒడ్డెక్కుతాయి. వలలు మామ వాకిట్లోకి చేరతాయి. సరుగుడు వాసాన్ని అడ్డంగా కట్టి, దాని మీద వలను వేలాడేసి, చినిగిన చోటల్లా మళ్ళీ అల్లేవాడు. వలలోని ఒక్కో గడిని వాళ్ళు కన్ను అంటారు. చినిగిన కన్ను కోసి తీసేటప్పుడు మామ నైలాను ముక్క గోరంతదైనా కింద పడనిచ్చేవాడు కాదు. మోకాళ్ళ మధ్య పాత డాల్డా డబ్బా ఉండేది. ముక్క అందులో పడాలి, వెంటనే మూత పడాలి. ఇంత పిసినారిని ముల్లోకాల్లో చూడలేదని నేను తేల్చేశాను.

అలాంటి ఒక వేసవిలో, వాసం మీద నుంచి వేలాడుతున్న వల మూలకు తేనెపిట్ట ఒకటి సాలీడు దారం తెచ్చి చుట్టడం మొదలుపెట్టింది. మామ భార్య రమణమ్మ అత్త తడి చీర తెచ్చి అదే వాసం మీద ఆరేయబోయింది.

"ఆడికి పోబాక. పిట్ట పని మొదులుపెట్టుండాది" అన్నాడు మామ.

"పిట్ట పని పెట్టుకుంటే నా చీర యాడ ఆరేసేది? నీ నెత్తినా?"

"ఏసుకో. నా నెత్తి ఖాళీగానే ఉండాది."

"అది పెండ్లయిన కాడ్నించి చూస్తానే ఉండానులే" అని అత్త చీర తీసుకొని పెరట్లోకి పోయింది.

మామ లేచి, పాత వలతాడు ఒకటి వాకిట్లో అడ్డంగా కట్టాడు. "సముద్రానికి రెండు నెలలు ఇడిసిపెట్టినాం గదా అబ్బయ్యా. ఈ పిట్టకి మూరెడు జాగా ఇడిసిపెట్టలేమా? ఇయ్యాళ్టి నుంచి ఈడ గూడా వేట బంద్" అన్నాడు.

ఆ శాసనం ఆషామాషీది కాదు. నేను మోటారు సైకిలును వీధి మలుపులోనే ఆపి, ఐరావతాన్ని తోసుకొస్తున్నట్టు తోసుకొచ్చి, బట్టలుతికే బండ పక్కనుంచి దొడ్డిదారిన నా గదిలోకి దూరాలి. దగ్గొస్తే మింగాలి. కంచె కింద కాపురముండే ముంగిసకూ, మందారం మీది తొండకూ, ఇంటి కప్పు మీది ఉడుతలకూ పగిలిన కుండపెంకులో నీళ్ళు. ఆ వాకిట్లో హక్కులు లేనివాణ్ణి నేనొక్కణ్ణే.

గూడు కట్టడం చూడాలని నేను కుర్చీ వేసుకొని, కన్నార్పకుండా కూర్చున్నాను. మామ తల అడ్డంగా ఊపాడు.

"అట్టా గుడ్లప్పగించి చూడబాక. నువ్వు యాడ చూస్తే కాకి ఆడ చూస్తాది. దానికి దోవ చూపిస్తుండావు."

గోడ మీద కాకి ఉంది. నిజంగానే నన్ను చూసి, నేను చూస్తున్న వైపు చూసింది. 

"వీపు తిప్పి కూర్చో. చేతికేదన్నా పనిచ్చుకో. అప్పుడు ఓరగా కనపడతాది, అంత చాలు."

నేను వీపు తిప్పాను. మామ వల అల్లుతూనే అడిగాడు. "నీ కాటాలో ఈ పిట్ట ఎంత తూగతాది అబ్బయ్యా?"

"లారీ ఎక్కితేనే దాంట్లో అంకె కదిలేది మామా. పిట్టెక్కితే సున్నా."

"అంటే నీ కాటాకి ఇది లేనట్టే" అని మళ్ళీ పనిలో పడ్డాడు.

గూడు సోరకాయ పిందెలా కిందికి సాగింది. సాలీడు దారం, ఎండాకు తునకలు, కొబ్బరి పీచు. ఇంతలో మామా, అత్తా జువ్వలదిన్నెలో చుట్టాలింట్లో పెళ్ళికని మూడు రోజులు పోయారు. నాకు సెలవు. పిట్ట కిటికీ మూలల్లోని బూజు కోసం పదే పదే తిరుగుతోంది. రోజుకు కొన్ని వేల మైళ్ళు ఎగురుతోందని నేను అంచనా వేశాను. జాలి ముంచుకొచ్చింది. డాల్డా డబ్బా మూత తీశాను. నీలం, ఆకుపచ్చ ముక్కలన్నిటినీ మందారం కొమ్మలకు తిరునాళ్ళ తోరణాల్లా వేలాడేశాను. పిట్ట వచ్చింది. ఒక నీలం పోగు పట్టుకుపోయింది, మరొకటి పట్టుకుపోయింది. ఇంద్రభవనానికి సామగ్రి సరఫరా చేసినవాడిలా ఆ మూడు రోజులూ మీసం మెలేసుకుంటూ తిరిగాను.

మామ తిరిగొచ్చి, గేటు దగ్గరే ఆగిపోయాడు.

"ఎవురు పెట్టినారు అది?"

"నేనే మామా! పాపం బూజు ఏరుకుంటా ఎన్నాళ్ళని కడతాది? గట్టి సరుకు ఇచ్చినా. నీ డబ్బాలో ఊరికే పడుండాది గదా."

ఆయన డబ్బా తెరిచి చూశాడు. మూత పెట్టాడు. కుంటుకుంటూ వెళ్ళి, మందారానికి మిగిలిన ముక్కలన్నీ ఒక్కొక్కటే ఏరి డబ్బాలో వేశాడు. అప్పుడు మాట్లాడాడు.

"నైలాను తెగదు అబ్బయ్యా. కుళ్ళదు. ఏండ్ల తరబడి ఉప్పునీళ్ళలో నానినా పట్టిన పట్టు ఇడవదు. అందుకే గదా మేము దాన్ని సముద్రంలోకి ఏసుకోని పోయేది. దాని మీద పిట్టపిల్ల కాలు పెట్టి చిక్కుకుంటే ఏమవతాది?"

"ఇప్పుడే పీకేస్తా మామా" అంటూ లేచాను.

"గమ్మునుండు. లోపల గుడ్లు పెట్టేసుండాది. ఇప్పుడు చెయ్యి పెడితే గూడొదిలేసి పోతాది."

తిట్టలేదు. తిడితే ఆ తిట్లను పదిరెట్లు చేసి మీకు చెప్పి, మనసు తేలిక చేసుకునేవాణ్ణి. ఆయన నాకు ఆ వీలివ్వలేదు. ఆ రోజు నుంచి లారీలు తూస్తున్నా నా ధ్యాస ఆ నీలం పోగు మీదే. పిల్లలు పుట్టాయి. రెండు. గూటి గుమ్మంలో రెండు నోళ్ళు తెరుచుకునేవి. చూసి సంతోషించబోయి భయపడేవాణ్ణి.

ఈలోగా వేట విరామం ముగిసే రోజు వచ్చింది. పడవ ఓనరు గేటు దగ్గర నిలబడి కేకేశాడు. "పోలయ్యన్నా, ఎల్లుండి పడవ దిగతాది. వలేది?"

"పిల్లలు ఎగరలేదు. ఇంకొక నాలుగు దినాలు" అన్నాడు మామ.

"పిట్టల కోసరం పడవ నిలపమంటావా ఏందన్నా?"

"నిలపబాక. రేపు సాయంత్రానికి తీసకపో."

వలలు బాగుచేసేవాడు చినిగిన కన్నునే కోస్తాడు. మంచి కన్ను మీద కత్తి పెట్టడం వాళ్ళలో పడవకు కీడు తలచినంత తప్పు. అలాంటిది మామ కత్తి తీసుకొని, గూడున్న మూలను చుట్టూ గజమంత వదిలి, మంచి కళ్ళన్నీ వరసగా కోసేశాడు. కోసిన ముక్కను గూటితో సహా కదలకుండా వాసానికే కట్టేశాడు. మిగతా వలను కిందికి దించి, ఆ ఖాళీలో కొత్త కళ్ళు అల్లడానికి కూర్చున్నాడు.

"మంచి కళ్ళు కోసేసినావే మామా" అన్నాను.

"మా అన్న గూడా కోసినాడు" అన్నాడు తలెత్తకుండా. "వల దించేటప్పుడు తాడు నా కాలికి మెలేసుకొని నీళ్ళలోకి లాక్కపోయింది. వల కొత్తది. మా అన్న ఒక్క క్షణం ఆలోచించలా. అడ్డంగా కోసి నన్ను పైకి లాగినాడు. వల పోయింది. నేనుండా."

నా సొరచేపలూ తిమింగలాలూ అన్నీ ఒక్కసారిగా మునిగిపోయాయి. మళ్ళీ ఏ డ్రైవరుకూ ఆ కాలి గురించి చెప్పలేదు.

వల పోయిన నాలుగో రోజు పొద్దున, పిట్ట అరుపు మారింది. పరుగున బయటికి వచ్చాను. ఒక పిల్ల మందారం మీద ఉంది. రెండోది గూటి కింద తలకిందులుగా వేలాడుతూ రెక్కలు కొట్టుకుంటోంది. కాలికి నీలం పోగు. గోడ మీద కాకి. అత్త చీపురు పట్టుకొని గోడ వైపు పోయింది. మామ ముక్కాలి పీట ఎక్కి, గూటి దగ్గరే పోగును బ్లేడుతో కోసి, పిల్లను గుప్పిట్లోకి తీసుకొని దిగాడు. బ్లేడు కాలి దగ్గరికి తెచ్చి ఆగిపోయాడు.

"నా కంటికి ఆనడంలా అబ్బయ్యా. కాలేదో దారమేదో తెలవడంలా. నువ్వు కొయ్యి."

బటను నొక్కడం తప్ప ఏ పనీ ఎరగని చేతులు నావి. "కాలు తెగితే ఎట్టా మామా?" అన్నాను.

"బ్లేడు పదును నీ ఏలి వైపు పెట్టు. తెగితే నీ ఏలు తెగాల."

నా వేలు తెగింది. నీలం పోగు కూడా తెగింది, ఒకటి, రెండు, మూడు చుట్లు. పోగు బిగిసిన చోటికి కింద కాలు నల్లబడిపోయింది. మామ పిల్లను నా అరచేతిలో పెట్టాడు. "కొమ్మ మీద నువ్వే పెట్టు" అన్నాడు. పెట్టాను. ఒంటికాలితో పట్టుకుంది, జారింది, రెక్కలు కొట్టి మళ్ళీ పట్టుకుంది. చూస్తూ నిలబడిపోయిన నన్ను మామ భుజం పట్టి తిప్పాడు.

ఇద్దరం వీపు తిప్పి కూర్చున్నాం. నా చేతికి దారం, వల అల్లే సూది ఇచ్చాడు. ఏం అల్లానో నాకే తెలియదు. మా వెనక తల్లి అరుపు దూరంగా, తర్వాత దగ్గరగా వినిపించింది. పిల్ల నోరు తెరిచి అడిగే సన్నని గొంతు. అది ఆగింది.

"తినింది" అన్నాడు మామ, వెనక్కి చూడకుండానే.

మధ్యాహ్నానికి కొమ్మ ఖాళీ. "బతకతాదా మామా?" అని అడిగాను. ఔననే అబద్ధం ఒక్కటి చెబితే బాగుండునని చూశాను.

"తెలవదబ్బయ్యా. మన చేతిలో ఉన్నంతసేపూ బతికుండాది" అన్నాడు.

ఆ తర్వాత నాకు నెల్లూరు ఆఫీసుకు బదిలీ అయింది. కొన్నేళ్ళకు మామ పోయాడని కబురొస్తే పాళెం వెళ్ళాను. అత్త అరుగు మీద కూర్చొని, వాసం వైపు చూపించింది. మామ కోసి కట్టిన వల ముక్క ఇంకా అక్కడే ఉంది. సాలీడు దారం, పీచు, ఆకు తునకలు అన్నీ ఎన్నో వానల క్రితమే పోయాయి. గూడు లేదు. నేనిచ్చిన నీలం పోగు మాత్రం రంగైనా తగ్గకుండా గాలికి ఊగుతోంది. అది విప్పి జేబులో వేసుకున్నాను.

నా జేబులు అప్పటి నుంచి చెత్తబుట్టలే. దారిలో నైలాను తునక, గాలిపటం దారం, సంచి పోగు ఏది కనిపించినా వంగుతాను. బట్టలు నానబెట్టేటప్పుడు మా ఆవిడ అవన్నీ తీసి బండ మీద పరిచి, "వల అల్లి వేటకు పోతారా ఏంది?" అంటుంది. దోమను గద్దంత చేసినవాణ్ణి కదా, ఆ పిల్ల నా అరచేతిలో ఉన్న ఒక్క నిమిషాన్ని కూడా పెంచి రాయాలని చాలాసార్లు కూర్చున్నాను. ఆ బరువు ఎంత పెంచినా పెరగదు. తగ్గించబోతే తగ్గదు కూడా.

ఈ ఉదయం పిట్ట ఒక్క క్షణం ఎగిరి పక్కకు పోగానే, లేచి బియ్యం సంచి లోపలికి తెచ్చేశాను. ఊడిన పోగును జేబులో వేసుకొని, సంచి ఉన్నచోట గుప్పెడు కొబ్బరి పీచు పెట్టాను. తర్వాత కుర్చీని గోడ వైపు తిప్పి, పేపరు తెరిచి కూర్చున్నాను. కాఫీ చల్లారిపోయింది. వీపు వెనక చిన్న రెక్కల చప్పుడయింది. నేను తిరిగి చూడలేదు.