మామగారి నుసుములు

మామగారికి ఉన్న పిచ్చి ఒక్కటే, నుసుములు. అరటిపండు నల్లబడి, మెత్తబడి, పులిసిన వాసన కొట్టినా వంటింటి కిటికీలోంచి తీయనివ్వరు. దాని మీద ముసిరే ఆ చిన్న ప్రాణులను ఇంటికొచ్చిన చుట్టాల్లా చూసుకుంటారు. కళ్ళజోళ్ల దుకాణం నడిపిన మనిషి గనుక జేబులో భూతద్దం ఎప్పుడూ ఉంటుంది. వాటిని ఎవరైనా పొరపాటున దోమలన్నారో, అయిపోయినట్టే.

“దోమ కుడుతుంది. ఇది ఎవర్నీ ఏమీ అనదు. దీన్ని పండు ఈగ అంటారు,” అని మొదలుపెడతారు. అవి పండులోంచి వాటంతటవే పుట్టవనీ, పులిసిన పండు వాసన పట్టి వచ్చి గుడ్లు పెడతాయనీ చెప్పి, ఎర్రటి కళ్ళు చూడమని భూతద్దం చేతికిస్తారు. గ్యాస్ బండ తెచ్చిన మనిషి కూడా ఈ పాఠం వినకుండా బయటపడలేదు.

కోడలికి మాత్రం ప్రాణం మీదికొచ్చింది. పాలలో నుసుము, కూరలో నుసుము. ఆమె పొద్దున పండు పారేస్తే సాయంత్రానికి ఇంకోటి ప్రత్యక్షం. అత్తగారేమో కుర్చీలో కూర్చుని రోజంతా చేతులాడిస్తూ వాటిని తోలుకుంటూనే ఉండేవారు. ఈయన చాదస్తానికి ఆవిడకెందుకీ శిక్ష అని కోడలు లోలోపల ఉడికిపోయేది.

ఒకసారి మామగారు జ్వరంతో మంచమెక్కారు. ఇదే అదనని కోడలు పండ్లన్నీ పారేసి, వంటిల్లంతా కడిగి, సింకులో మరిగే నీళ్ళు పోసింది. వారం తిరిగేసరికి ఇంట్లో మచ్చుకైనా ఒక్క నుసుము లేదు. ఆ సంబరంతో ముందుగదిలోకి వెళితే అత్తగారు ఖాళీ గాలిలో చేతులాడిస్తున్నారు.

“ఇన్ని ఉన్నాయేంటే? మొహం మీదికే వస్తున్నాయి.”

“ఒక్కటి కూడా లేదత్తయ్యా. అన్నీ పోయాయి.”

అత్తగారి చెయ్యి ఆగిపోయింది. “మరి నాకు కనిపిస్తున్నవేంటే?” అన్నారు చిన్న గొంతుతో. ఆవిడ కళ్ళలో అంత భయం కోడలు ఎన్నడూ చూడలేదు.

దుప్పటి కప్పుకుని గుమ్మంలో నిలబడ్డ మామగారు కోడలిని వంటింట్లోకి పిలిచారు. అత్తగారికి చాలాకాలంగా ఇంతేనట. ఆవిడ కళ్ళు ఆయనే పరీక్షించారట, లోపమేమీ లేదు. ఇది మెదడుకు వచ్చిన జబ్బనీ, తగ్గేది కాదనీ డాక్టరు తేల్చేశాడట. పిచ్చిదన్న మాట భార్య చెవిన పడకూడదని ఆయన కన్నకొడుక్కి కూడా చెప్పలేదు.

“లేవంటే భయపడిపోతుంది. ఉన్నాయంటే విసుక్కుంటుంది. విసుక్కోనీ అమ్మా. విసుక్కుంటున్నంతసేపూ తను మీ అత్తయ్యలాగే ఉంటుంది,” అన్నారు.

కోడలికి దుఃఖం ముంచుకొచ్చింది. ఇన్నాళ్ళూ ఈయన్నా తను తిట్టుకున్నది అనుకుంది. కొంగుతో మొహం తుడుచుకుని మళ్ళీ గదిలోకి వెళ్ళి, అత్తగారి పక్కన కూర్చుంది.

“నేనే సరిగ్గా చూడలేదత్తయ్యా. చాలానే ఉన్నాయి,” అంటూ గాలిలో చప్పట్లు చరిచింది.

అత్తగారి మొహం తేటపడింది. అక్కడ కాదు, ఇటు పక్కన అని వేలు పెట్టి చూపించారు. కోడలు అక్కడా చరిచింది.

“తప్పించుకుంది. ఇన్నేళ్ళొచ్చాయి, ఒక్క పనీ సరిగ్గా చేతకాదు నీకు,” అని అత్తగారు హాయిగా విసుక్కున్నారు.