దసరాకి వ్యానుకు వేసిన రంగు

మా మామగారికి ఇనుము బోసిగా కనపడితే చేతులు ఊరుకునేవి కావు. బతుకంతా ఎడ్లబండి తోలిన మనిషి. దసరా వస్తోందంటే బండిని ఎక్కడికక్కడ ఊడదీసి, పట్టాల కింద, చీలల కింద కూడా రంగు పూసి, ఆరాక మళ్ళీ బిగించేవాడు. సందుల్లోకి నీళ్ళు దిగితే బండి పుచ్చిపోతుందని ఆయన లెక్క. ఎడ్లబండి వరకూ ఆ లెక్కలో తప్పేం లేదు. ఎనభైల్లో ఎడ్లను అమ్మేసి మా ఆయన ఒక పాత డీజిల్ వ్యాను కొన్నాక, ఆ బ్రష్షు వ్యాను మీద పడింది.

మాది కారంపూడికి లోపల, నల్లరేగడి పొలాల మధ్య చిన్న ఊరు. పొద్దున ఒక బస్సు, సాయంత్రం ఒక బస్సు. మిర్చి బస్తాలకైనా, పెళ్ళివాళ్ళకైనా, పురిటి నొప్పులకైనా మా వ్యానే దిక్కు. అందుకని మామగారికి అదంటే గర్వం. ఆ ఏడు దసరాకి ముందు రెండు రోజులు దాన్ని కదలనివ్వకుండా, కింద గోనెపట్టా పరుచుకుని పడుకుని, అందినచోటల్లా ఎర్ర రంగు వేశాడు. పండగ పొద్దున పసుపు రాసి, కుంకుమ పెట్టి, బంతిపూల దండ వేసి, నాలుగు చక్రాల ముందు నాలుగు నిమ్మకాయలు పెట్టాడు. పూజ కాగానే వ్యాను వాటిని తొక్కుకుంటూ ముందుకు పోవాలి.

నాకు ఆ పూజ కంటికి ఆనలేదు. పది నెలల నా కూతురికి ముందురోజు నుంచి వాంతులు, విరేచనాలు. ఉప్పు, చక్కెర కలిపిన నీళ్ళు చెంచాతో పోస్తుంటే పోసినట్టే కక్కేస్తోంది. తెల్లారేసరికి మెడ నిలపడం లేదు. ఊళ్ళో సూదులు వేసే డాక్టరు వచ్చి, పిల్ల పొట్ట మీద చర్మాన్ని వేళ్ళతో పట్టి వదిలాడు. అది మడత పడి అలాగే ఉండిపోయింది.

"ఏడుస్తంది గానీ కన్నీళ్ళు రావట్లా, చూశావామ్మా? ఒంట్లో నీళ్ళన్నీ పోయినయ్. నా చేతుల్లో లేదు. నరసరావుపేట తీసుకుపోండి, ఇప్పుడే" అన్నాడు.

పిల్లను చీర కొంగులో చుట్టుకుని వ్యాను ముందు సీట్లో కూర్చున్నాను. డీజిల్ బండి చల్లగా ఉంటే ముందు తాళం సగం తిప్పి ఇంజన్ లోపలి హీటరు వెయ్యాలి. డ్యాష్‌బోర్డు మీద చిన్న తీగచుట్ట ఒకటి ఎర్రబడ్డాక అప్పుడు సెల్ఫ్ కొట్టాలి. మా ఆయన తాళం తిప్పాడు. తీగచుట్ట నల్లగానే ఉంది. ఆగలేక సెల్ఫ్ కొట్టాడు. టక్కుమంది, అంతే. మళ్ళీ కొట్టాడు. మళ్ళీ టక్కు.

"బ్యాటరీ దిగిపోయినట్టుంది" అంటూ దిగి, నెట్టడానికి మనుషుల్ని పిలిచాడు. వచ్చినవాళ్ళందరూ నెట్టారు. రాత్రి కురిసిన వానకి రేగడి జిగటగా ఉంది. గేరు వేసి ఉన్న చక్రాలు తిరగలేదు, నెట్టేవాళ్ళ కాళ్ళే బురదలో జారాయి. వ్యాను జానెడు కూడా పోలేదు, నిమ్మకాయలు ఎక్కడివక్కడే ఉన్నాయి. పొద్దుటి బస్సు అప్పటికే వెళ్ళిపోయింది. ఎవరిదైనా ఎడ్లబండి కడితే ఆ బురదలో కారంపూడి చేరేసరికి మధ్యాహ్నం దాటుతుంది. పిల్లకి అంత వ్యవధి లేదని నాకు తెలుస్తూనే ఉంది. మెడ నిలపలేని పిల్లతో ఆ బురదలో సైకిలు ఎక్కలేను.

మా ఆయన సైకిలు మీద కారంపూడి పరిగెత్తి, బస్టాండు వెనక షెడ్డు ఉన్న మెకానిక్‌ను తీసుకొచ్చాడు. పెద్దాయన, ముస్లిం. మా ఆయన భాయ్ అనేవాడు, నేను అన్నా అనేదాన్ని. వస్తూ ఛార్జి ఉన్న బ్యాటరీ ఒకటి తన సైకిలు క్యారియర్‌కి కట్టుకొచ్చాడు. కానీ దాన్ని వెంటనే దించలేదు.

"ముందు హారన్ కొట్టు తమ్ముడూ" అన్నాడు. వీధంతా దద్దరిల్లింది. "లైట్లెయ్యి." పట్టపగలే కళ్ళు జిగేలుమన్నాయి. "అట్టనే ఉంచి సెల్ఫ్ కొట్టు." టక్కుమంది. లైట్లు పెద్దగా తగ్గలేదు.

"బ్యాటరీ గుర్రంలా ఉంది. సెల్ఫ్ కరెంటు లాగితే లైట్లు గుడ్డిగా అయిపోవాల. కాలా. అంటే సెల్ఫ్ లాగట్లేదు" అని కిందికి దూరాడు. బ్యాటరీ నుంచి సెల్ఫ్‌కి వచ్చే లావు వైరును బిగించాడు, ఇంజన్‌ను తిప్పే సెల్ఫ్ మోటారును స్పానర్‌తో తట్టాడు. నా భర్త తాళం తిప్పుతూనే ఉన్నాడు. టక్కు. టక్కు.

మామగారు వ్యాను చుట్టూ తిరుగుతూ, "దిష్టి తగిలింది. కొత్త రంగు గదా, ఊరి కళ్ళన్నీ దీని మీదే. ఇంకో కొబ్బరికాయ కొడతా" అంటున్నాడు.

"కొట్టండి మామయ్యా, నా తల మీద కొట్టండి" అన్నాను. కోడలు మామను అలా అనడం మా ఇళ్ళల్లో వినలేదు. ఆయన కొబ్బరికాయ పట్టుకుని అలాగే నిలబడ్డాడు.

కింద నుంచి మెకానిక్ గొంతు వినిపించింది. "సెల్ఫ్ దించి విప్పి చూడాల. వేరే దారి లేదు."

"ఎంతసేపు పడుతుందన్నా?"

ఆయన కింద నుంచే చెయ్యి చాపి స్పానర్ల సంచి మొత్తం లోపలికి లాక్కున్నాడు. ఇప్పట్లో అయ్యే పని కాదని దాంతో నాకు అర్థమైంది. పిల్ల పెదవులు అంటుకుపోయాయి. ఏడుపు కూడా ఆపేసింది, ఏడిచినప్పటికంటే అది భయంగా ఉంది. చివరిసారి అన్నట్టు మా ఆయన తాళం తిప్పి పట్టుకున్నాడు. పిల్ల జారుతుంటే సర్దుకోబోయి, పక్కనున్న ఇంజన్ మూత దగ్గర చేతికందింది పట్టుకున్నాను. అది ఇంజన్‌ను ఆపడానికి లాగే స్టాప్ వైరు. చుర్రుమంది. చెయ్యి వెనక్కి లాక్కున్నాను.

"ఏమయ్యా, ఈ వైరు కాలుతోంది!"

"ఇంజన్ పక్కన ఉంటే కాలదా ఏంది?" అని విసుక్కున్నాడు.

"ఇంజన్ ఎప్పుడు స్టార్టయ్యి చచ్చింది కాలడానికి?" అని అరిచాను.

కింద స్పానర్ చప్పుడు ఆగిపోయింది. మెకానిక్ బురద మోచేతులతో పైకి వచ్చి, "ఏ వైరమ్మా?" అన్నాడు. చూపించాను. దాని మీద చెయ్యి వేసి, "కొట్టు తమ్ముడూ" అన్నాడు. వెంటనే చెయ్యి తీసేసి, నా వంక చూసి, మొదటిసారి నవ్వాడు.

"సెల్ఫ్ కాదు, ఏమీ కాదు. సెల్ఫ్‌కి పోయిన కరెంటు ఇంజన్‌లోంచి తిరిగి బ్యాటరీకి రావాల. కాలవ పూడిపోతే నీళ్ళు గట్టు తెంచుకుని పక్క చేలో పడవా? అట్టా, దాని దారి ఎక్కడో మూసుకుపోయి, ఈ సన్న వైరు మీద పడింది."

లావు తీగ ఒకటి తెప్పించి, ఒక కొస బ్యాటరీ మైనస్‌కి, రెండో కొస ఇంజన్ ఒంటికి అదిమి పట్టి కొట్టమన్నాడు. సెల్ఫ్ నిద్రలేచినట్టు మూలిగింది. చుట్టూ ఉన్నవాళ్ళు ఒక్కసారిగా అరిచారు. ఆయన మళ్ళీ కిందికి దూరాడు. ఇంజన్‌ను వ్యాను చట్రానికి, అంటే చాసిస్‌కి కలిపే జడలాంటి ఎర్త్ పట్టీ ఒకటి ఉంటుంది, కరెంటు తిరిగొచ్చే దారి అదే. దాని బోల్టు విప్పాడు. పిల్లను ఎత్తుకుని దిగి పక్కనే వంగి చూస్తున్నాను కాబట్టి నాకు కనపడింది. పట్టీ పైన ఎర్ర రంగు. పట్టీ కింద ఎర్ర రంగు. బోల్టు ఊడదీసి, లోపల నున్నగా రెండు పూతలు వేసి, ఆరాక మళ్ళీ బిగించిన పని అది. మామగారు ఎడ్లబండికి చేసినట్టే చేశాడు. రంగులోంచి కరెంటు పోదు.

స్క్రూడ్రైవరుతో గీకుతుంటే ఎర్ర పెచ్చులు బురదలో రాలాయి. ఇనుము తెల్లగా మెరిసేదాకా గీకాడు. "ఏమైంది భాయ్?" అని మా ఆయన సీట్లోంచి అడిగాడు. మెకానిక్ తల తిప్పి, కొబ్బరికాయ పట్టుకున్న మామగారి చేతులు చూశాడు. గోళ్ళ సందుల్లో అదే ఎరుపు.

"తుప్పు" అన్నాడు. "చానా తుప్పు పట్టింది."

ఆ అబద్ధం ఎందుకు చెప్పాడో నాకూ తెలుసు, మామగారికీ తెలుసు. ఆయన కొబ్బరికాయను కింద పెట్టి, చేతులు పంచెలో దాచుకున్నాడు.

బోల్టు బిగించాక తాళం తిప్పితే డ్యాష్‌బోర్డు మీద తీగచుట్ట ఎర్రగా కాలింది. సెల్ఫ్ కొట్టగానే ఇంజన్ అంటుకుంది. ఈసారి నెట్టేవాళ్ళతో పాటు ఇంజనూ లాగడంతో నిమ్మకాయలు చితికిపోయాయి, వ్యాను బురద దాటి రోడ్డెక్కింది.

నరసరావుపేట దాకా దారిపొడుగునా ఒక చెయ్యి పిల్ల ముక్కు కింద పెట్టుకుని కూర్చున్నాను. మనసులో మాత్రం మామగారిని అనాల్సిన మాటలు పేర్చుకుంటున్నాను. ముసలితనానికి బుద్ధి ఉండక్కర్లేదా, మీ రంగు పిచ్చికి నా బిడ్డను బలిపెట్టబోయారు, ఇంకోసారి వ్యాను ముట్టుకుంటే చూడండి. అంతకంటే ఘాటైనవీ ఉన్నాయి. ఆ కోపమే లేకపోతే దారిలోనే కూలబడిపోయేదాన్ని.

ఆసుపత్రిలో పిల్ల కాలికి సెలైన్ పెట్టారు. ఒక సీసా అయ్యాక మరొకటి. పిల్ల కళ్ళు తెరిచి చూస్తోంది కానీ నోరు విప్పడం లేదు. డాక్టరు వచ్చినప్పుడల్లా కళ్ళ కింద తడిమి చూసి, "ఏడవనివ్వండి, కన్నీళ్ళు రానివ్వండి, అప్పుడు చెబుతా" అనేవాడు.

మర్నాడు పొద్దుటి బస్సుకి మామగారు వచ్చాడు. వార్డు లోపలికి రాకుండా గుమ్మం దగ్గరే నిలబడ్డాడు. నేను లేచాను. మాటలన్నీ నాలుక చివర సిద్ధంగా ఉన్నాయి. ఆయన రెండు చేతులూ ముందుకు చాపి చూపించాడు. కిరసనాయిలు పోసి, పీచుతో రుద్దీ రుద్దీ వేళ్ళ చర్మం లేచిపోయి ఉంది. గోళ్ళల్లో ఎరుపు లేదు, నెత్తుటి చారలు తప్ప.

"శుభ్రంగా కడుక్కున్నానమ్మాయ్" అన్నాడు. "పిల్లను ముట్టుకోవచ్చా?"

నేను పేర్చుకున్న వాటిలో ఒక్క మాటా బయటికి రాలేదు. సెలైన్ గొట్టం జాగ్రత్తగా పట్టుకుని, ఆయన్ని మంచం మీద కూర్చోబెట్టి, పిల్లను ఆ చేతుల్లో పెట్టాను. కిరసనాయిలు వాసన గుప్పుమంది. పిల్ల ముక్కు ముడిచింది, ముఖం ఎర్రగా చేసుకుంది, వార్డంతా వినపడేలా గుక్కపట్టి ఏడిచింది. చెంపల మీదుగా కన్నీళ్ళు జారి ఆయన పుండ్లు పడ్డ వేళ్ళ మీద పడ్డాయి. ఆ మంటకి ఆయన చేతులు కదిలాయి గానీ, పిల్లను వదల్లేదు.