మామగారి సంచీలో రెండు దువ్వెనలు

మా మామగారు ప్రభువు దగ్గరికి వెళ్ళిపోయారు. అల్లూరు చుట్టుపక్కల ఎవరికి ఫోటో కావాలన్నా సైకిలు వెనక సంచీ కట్టుకుని వెళ్ళేది ఆయనే. వానలు తెరిపిచ్చిన వారంలో ఒకనాటి పొద్దున కాఫీ తాగి, గ్లాసు కింద పెట్టి, "కాసేపు నడుం వాలుస్తా" అన్నారు. మళ్ళీ లేవలేదు.

ఆయన గురించి నాలుగు మాటలు రాయమన్నది మా పాస్టరమ్మగారు. స్త్రీల సమాజం పత్రికలో వేస్తామన్నారు. నేను అయిదో తరగతితో బడి మానేసినదాన్ని. ఒత్తులు ఎక్కడ పెట్టాలో నాకు ఇప్పటికీ అనుమానమే. నా చేతిరాత ఇసకలో పీత నడిచినట్టు ఉంటుందని మా ఆయన అంటారు. చదివే అమ్మలూ అక్కలూ తప్పులు మన్నించాలి. పెద్దవాళ్ళ గొప్పతనం గురించి రాయడం నాకు చేతకాదు. నాకు బాగా తెలిసింది ఆయన సంచీ. దానితోనే మొదలుపెడతాను.

మందపాటి కాన్వాసు సంచీ అది. మూలలు చిరిగినచోట తోలు ముక్కలు వేసి కుట్టించారు. మూత తీస్తే పైన నల్లగుడ్డ మడత ఉండేది. దాని కింద చెక్క కెమెరా, గాజు ప్లేట్లు పెట్టుకునే పలచటి పెట్టెలు, నొక్కడానికి రబ్బరు బుడ్డి ఉన్న గొట్టం. పక్క అరలో పౌడరు డబ్బా, చేతి అద్దం, సూదీ దారం, పిన్నీసులు, నడవని చేతిగడియారం ఒకటి. అది ఎందుకని అడిగితే "పెళ్ళికొడుకులకి" అన్నారు. చేతికి గడియారం లేకుండా ఫోటో దిగడానికి మా వైపు ఏ పెళ్ళికొడుకూ ఒప్పుకోడట.

"అయితే అందరి పెళ్ళిళ్ళూ ఒకే వేళకి అయినట్టు కనపడతాయి గదా మామా" అని గొణిగాను. ఆయన చాలాసేపు నవ్వారు. అత్తగారింట్లో నా మాటకు ఒకరు నవ్వడం అదే మొదలు.

సంచీ అడుగున చిన్న గుడ్డమూట ఉండేది. దానిలో వేయించిన బియ్యం. సముద్రపు గాలికి కెమెరా అద్దాల మీద బూజు పడుతుంది. వేయించిన బియ్యం ఆ చెమ్మను పీల్చుకుంటుంది. మాడకుండా వేయించి, చల్లారాక మూట కట్టి ఇవ్వడం నా పని. మెత్తబడిన పాత బియ్యం కోళ్ళకు వేసేదాన్ని. ఆయన మూటను చెవి దగ్గర పెట్టుకుని గలగలలాడించి చూసి, తల ఊపి, లోపల పెట్టుకునేవారు.

ఇక దువ్వెనలు. అవి రెండూ ఒకే అరలో ఉండేవి కావు. ఒకదానికి ఎర్రదారం చుట్టి ఉండేది. నేను కాపురానికి వచ్చిన కొత్తలో నా దువ్వెన విరిగింది. ఇంకొకటి కావాలని అడగడానికి సిగ్గు. వరండాలో సంచీ తెరిచి ఉంటే, చేతికి అందిన ఆ ఎర్రదారం దువ్వెన తీసుకుని పెరట్లో తల దువ్వుకుంటున్నాను. అత్తమ్మ చూసి పెట్టిన కేకకు పక్కింటివాళ్ళు గోడ మీదనుంచి తొంగి చూశారు.

"పారెయ్యవే దాన్ని! అది శవాల దువ్వెనే!"

మామగారు లోపల్నుంచి వచ్చారు. "అరిచి ఆ పిల్లని చంపబాకే. పోయినోళ్ళ తలే గదా. పేలు గూడా ఉండవు."

"నీకు అంతా ఎగతాళే!" అంటూనే అత్తమ్మ నన్ను కూర్చోబెట్టి, కుంకుడుకాయలు కొట్టి, తలంతా రుద్ది రుద్ది పోసింది. పొద్దుగూకేలోగా మామగారు బజారునుంచి కొత్త దువ్వెన తెచ్చారు. నా చేతికి ఇవ్వలేదు. నేను చూసే గూట్లో పెట్టి వెళ్ళిపోయారు.

ఆ ఎర్రదారం దువ్వెన ఎందుకో తర్వాత అర్థమైంది. మా తీరపు పల్లెల్లో చాలామందికి జన్మకంతా ఒకటే ఫోటో, అదీ ప్రాణం పోయాక తీసేది. కుర్చీలో కూర్చోబెట్టో, బల్ల మీద పడుకోబెట్టో, చుట్టూ పిల్లాజెల్లా నిలబడి దిగుతారు. పడవ తిరగబడిందనో, జ్వరంతో పోయాడనో ఎవరైనా వచ్చి గుమ్మంలో నిలబడితే, మామగారు కంచం ముందునుంచి లేచి చెయ్యి కడుక్కునేవారు. అక్కడికి వెళ్ళి, చనిపోయినవాళ్ళకు తనే తల దువ్వి, మొహం తుడిచి, బొత్తాలు పెట్టేవారు. ఎవరు తొందరపెట్టినా వినేవారు కాదు.

"బతికుండేవాళ్ళని ఇట్టా తిరుగు, అట్టా నవ్వు అని సతాయిస్తాం. వీళ్ళు మన మాట వినరు గదా. మనమే వాళ్ళకి తగినట్టు మసులుకోవాల" అని ఒకసారి అత్తమ్మతో అంటుంటే విన్నాను.

నన్ను ఆయన పనికి వెంట తీసుకెళ్ళడం బుచ్చిరెడ్డిపాలెంలో ఒక ముస్లిం ఇంటితో మొదలైంది. ఆ ఇంటి కొడుకు సింగపూరులో ఉన్నాడు. భార్యనూ, తాను ఇంకా చూడని బిడ్డనూ ఫోటో తీసి పంపమని రాశాడు. ఆ ఇంటి ఆడవాళ్ళు పరాయి మగవాడి ముందుకు రారు. ఇలాంటివి మామగారు అంతకుముందు వదులుకునేవారు. ఈసారి ఆ మనిషి బిడ్డను చూడలేదన్న మాట ఆయన మనసులో పడింది. అత్తమ్మను రమ్మన్నారు.

"నా మోకాళ్ళతో నేను యాడికొస్తా? అమ్మణ్ణిని తీసకపో" అంది అత్తమ్మ. అమ్మణ్ణి అంటే నేనే.

ఆ ఇంట్లో ఆయన పనిచేసిన తీరు చెప్పాలి. ఖాళీ కుర్చీలో దిండు నిలబెట్టి, దాన్నే మొహం అనుకుని, నల్లగుడ్డలో తల దూర్చి సరిచూశారు. నన్నూ గుడ్డలోకి చూడమన్నారు. వెనక గరుకు అద్దంలో దిండు తలకిందులుగా వేలాడుతోంది. "గలేబు కుట్లు లెక్కపెట్టేంత తేటగా ఉండాల. అప్పుడే మొహం తేటగా వస్తాది" అన్నారు. ప్లేటు పెట్టె దూర్చి, ప్లేటుకు వెలుగు తగలకుండా అడ్డం ఉండే దాని రేకు పైకి లాగి, రబ్బరు బుడ్డి నా చేతిలో పెట్టి, బయటికి వెళ్ళి ప్రహరీగోడ వైపు తిరిగి నిలబడ్డారు. అప్పుడు ఆడవాళ్ళు వచ్చారు. కోడలు బిడ్డతో కూర్చుంది. ఆ ఇంటి ముసలమ్మ కిటికీలోంచి బయటికి చూసి నన్ను అడిగింది.

"ఏమ్మా, మీ మామ గోడకి ఫోటో తీస్తా ఉండాడా?"

అందరూ కొంగులు నోట్లో కుక్కుకుని నవ్వారు. కోడలి బెరుకు ఆ నవ్వులో పోయింది. నేను "మామా" అని పిలిచాను. ఆయన అక్కడినుంచే "నొక్కు" అన్నారు. నొక్కి పట్టుకున్నాను. "చాలు" అన్నారు. వదిలాను. వాళ్ళంతా లోపలికి పోయాకనే ఆయన వచ్చి, రేకు మళ్ళీ దించారు.

తిరిగి వచ్చేటప్పుడు బస్సులో ఆయన ముందు సీటులో, నేను వెనక. దిగేముందు తల తిప్పకుండా అన్నారు: "నీ చెయ్యి అదరదు అమ్మణ్ణీ. నోరే అదురుతాది." ఆ తర్వాత అలాంటి ఇళ్ళు చాలా వచ్చాయి. అద్దంలో చూసి సరిచేయడం నాకే వదిలేశారు. రేకు లాగడం, దించడం మాత్రం ఆయనే చేసేవారు. ప్లేటుకు వెలుగు తగిలితే అంతా పాడు కదా, అదొక్కటీ ఇంకొకరి చేతికి ఇవ్వలేదు.

ఆయన పోయిననాడు అత్తమ్మ ఏడవకుండా ఆయన తల దగ్గర కూర్చుంది. ఒక్క మాట అంది. "ఊళ్ళో అందరి మొహాలూ తీసినాడు. ఈయన మొహం నాకు యాడుండాది?"

నిజమే. పెళ్ళినాటి ఫోటో ఒకటి ఉండేదట, తుపానులో తడిసి పోయింది. ఆ తర్వాత ఆయన కెమెరా ముందు నిలబడిందే లేదు. మా ఆయన బియ్యం మిల్లులో పనిచేస్తారు, కెమెరా ముట్టిన మనిషి కాదు. నెల్లూరునుంచి ఫోటో తీసేవాళ్ళను పిలిపిద్దామంటే వానలకు దారి తెగి బస్సు రావడం లేదు. పొద్దుగూకేలోగా మట్టి చేయాలి. అత్తమ్మ నా వైపు చూసింది.

సంఘం పెద్ద ఒకాయన అడ్డం పడ్డాడు. "ఆ పిల్ల చేతనా? ఇంతమంది మగోళ్ళ మధ్యనా?"

"బుచ్చిరెడ్డిపాలెంలో ఫోటోలన్నీ ఎవురు నొక్కినారనుకుంటివి? నువ్వా?" అంది అత్తమ్మ.

సంచీ తెచ్చి విప్పాను. ఎర్రదారం దువ్వెన తీశాను. అత్తమ్మ దాన్ని నా చేతిలోంచి తీసుకుని, మళ్ళీ అరలో పెట్టి, బతికుండేవాళ్ళకి వాడే దువ్వెన తీసి ఆయన తల దువ్వింది.

పందిట్లో శవపెట్టె కింద తలవైపు ఎత్తుపెట్టి ఆయన మొహం కనబడేలా చేశారు. అత్తమ్మా, మా ఆయనా, చుట్టాలూ చుట్టూ నిలబడ్డారు. నల్లగుడ్డలో దూరాను. లోపల ఎవరికీ కనబడను కదా, అక్కడ కాసేపు ఏడ్చాను. తర్వాత మీసం వెంట్రుకలు తేటగా కనబడేదాకా సరిచేశాను. ప్లేటు పెట్టె దూర్చి, బయటికి వచ్చి నొక్కాను. వదిలాను. అందరూ కదిలారు. పాట మొదలైంది.

రేకు దించుదామని చెయ్యి పెట్టాను. రేకు దిగే ఉంది. నేను దాన్ని పైకి లాగనే లేదు. అన్నాళ్ళలో ఒక్కసారీ నేను లాగింది కాదు, నా చేతికి ఆ అలవాటే లేదు. ప్లేటుకు వెలుగు తగల్లేదు. మామగారు దాని మీద పడలేదు.

అప్పటికే వడ్రంగి పెదాల మధ్య మేకులు పెట్టుకుని మూత ఎత్తుతున్నాడు. మా ఆయన తల దించుకుని ఉన్నారు. "ఆగండి" అన్నాను. పాటలో ఎవరికీ వినపడలేదు. ఆ మూత పడితే ఇక ఆయన మొహం అత్తమ్మకు ఎక్కడా ఉండదు.

"ఆగండయ్యా! ఫోటో పడలేదు!"

అది నా గొంతేనా అని నాకే అనిపించింది. పాట ఆగింది. మగవాళ్ళంతా తిరిగి చూశారు. సంఘం పెద్ద "మళ్ళీనా? పొద్దు గూకతా ఉంటే!" అన్నాడు. వడ్రంగి మాత్రం మూత దించి, నోట్లో మేకులు అరచేతిలోకి తీసుకుని, "కానీమ్మా" అన్నాడు.

అత్తమ్మా, మిగతావాళ్ళూ మళ్ళీ వచ్చి నిలబడ్డారు. ఈసారి రేకు లాగాను. నొక్కాను. పందిట్లో వెలుగు తగ్గింది, ఎంతసేపు పట్టుకోవాలో నాకు తెలియదు. ఎప్పుడూ ఆయన చెప్పేవారు. చెప్పరని తెలిసీ, బుడ్డి నొక్కి పట్టుకుని, చాలనే మాట కోసం ఎదురుచూశాను. ఎంతసేపటికో వేళ్ళు నొప్పెట్టి వదిలాను.

పోయిన వారం నెల్లూరులో కడిగించిన ఫోటో వచ్చింది. అత్తమ్మ కొంగుతో చెయ్యి తుడుచుకుని అందుకుంది. కిటికీ దగ్గర చాలాసేపు చూసింది.

"నేను యాడుండానే?"

"కదిలినావత్తా. అందరూ కదిలినారు. నేను ఎక్కువసేపు పట్టుకున్నా."

"ఏడిసేవాళ్ళు కదలకుండా ఎట్టుంటారే" అని, ఫోటోను మొహానికి ఇంకా దగ్గరగా పెట్టుకుంది.

పాస్టరమ్మగారికి ఒక మనవి. పత్రికకు ఎత్తి రాసుకున్నాక ఈ కాగితాలు మీ పొయ్యిలో వేసేయండి. ఈ పీతరాత ఇంకెవరి కంటా పడకూడదు. మా ఆయన తల దించుకుని నిలబడ్డారని రాశాను, పత్రికలో ఆ ముక్క వేయకండి, ఆయన చదివితే బాధపడతారు.

ఫోటో మా నడవలో గోడకు ఉంది. అందులో మా ఆయనకు రెండు తలలు, నాలుగు చేతులు. చుట్టాలంతా పొగలా కలిసిపోయారు. ఆ కాసేపూ అత్తమ్మ ఆయన తల నిమురుతూనే ఉందేమో, ఆ చెయ్యి చెయ్యిలా లేదు, ఆయన నుదుటి మీద తెల్లటి మంచులా ఉంది. తేటగా పడ్డవి పందిరి రాటలూ, ఆయనా. మీసం ఒక్కో వెంట్రుకా లెక్కపెట్టవచ్చు. ఎవరూ లేని పందిట్లో ఆయన ఒక్కరే పడుకున్నట్టు ఉంది.